అలాంటివాళ్ళు

"కళ్ళెక్కడ పెట్టుకున్నావమ్మా?" అంది అత్తగారు.

టీ కప్పులో పడాల్సింది గట్టు మీద పడింది. కోడలు కప్పు పెట్టిన చోటు గుర్తు పెట్టుకుని, ఆ గుర్తు మీదే పోసింది. ఈలోగా అత్తగారు చక్కెర డబ్బా తీసుకుంటూ కప్పును రవ్వంత పక్కకు జరిపింది. ఆ రవ్వంతలోనే ప్రమాదమంతా ఉందని ఆవిడకు తెలియదు. గుడ్డ తెచ్చి తుడుస్తుంటే వెనక నుంచి మాటలు వస్తూనే ఉన్నాయి. "ఈ మధ్య అన్నీ ఇలాగే ఏడుస్తున్నాయి. మొన్న అల్మారా తలుపుకు గుద్దుకుంది, నిన్న పిల్ల చెప్పుల మీద బోర్లా పడబోయింది. ఆఫీసులకెళ్ళే ఆడవాళ్ళకి ఇల్లెక్కడ కనిపిస్తుందిలే!"

భర్త బల్ల దగ్గర కూర్చుని ఫోను చూసుకుంటున్నాడు. ఒక్కసారి తలెత్తి భార్య వైపు చూశాడు. మళ్ళీ ఫోనులోకి వంగాడు. అతనికి తెలుసు.

అతనికి తెలిసి చాలాకాలమే అయింది. కంటి డాక్టరమ్మ చెప్పిన రోజు అతనూ పక్కనే ఉన్నాడు. కంటి వెనకాల పొర అంచుల నుంచి మెల్లగా చచ్చిపోతోందనీ, దీనికి మందు లేదనీ, చూపు క్రమంగా గొట్టంలోంచి చూసినట్టు అయిపోతుందనీ, ఆ గొట్టం కూడా ఏదో ఒకనాడు మూసుకుపోవచ్చనీ ఆవిడ చెప్పింది. బండి నడపొద్దని మరీ మరీ చెప్పింది. "కంప్యూటర్ మీద పని చేస్తారు కదా, తెర మీదవి చదివి వినిపించే ప్రోగ్రాములు ఉంటాయి. చూపుండగానే వాటిని నేర్చుకోండి. పోయాక నేర్చుకోవడం కష్టం" అంది. ఆ మాట ఆమె గుండెల్లో రాయిలా పడింది. బయటికొచ్చాక కారు దగ్గర ఆగాడు భర్త. "ఎవరికీ చెప్పకు" అన్నాడు. "అమ్మకి తెలిస్తే పాపకి కూడా వస్తుందేమోనని ఇల్లు పీకి పందిరేస్తుంది. ఆఫీసులో తెలిస్తే నిన్నో మూలన పడేస్తారు. కొన్నాళ్ళు మామూలుగా ఉండు." అప్పుడామె ఏడుస్తోంది. ఆ ఏడుపులో అది ప్రేమేననుకుంది.

మామూలుగా ఉండటానికి ఎంత చాకిరీ చెయ్యాలో ఆ తర్వాత తెలిసొచ్చింది. ఇంట్లో ప్రతి వస్తువునూ పెట్టిన చోటే పెట్టాలి, ఇంకెవరైనా కదిపితే తనే మళ్ళీ సర్దుకోవాలి. కత్తి పట్టుకున్నప్పుడు ఎవరూ పలకరించకుండా చూసుకోవాలి. మెట్లు దిగేటప్పుడు మాట్లాడుతున్నట్టు నటించి, కాలితో అంచు తడుముకోవాలి. ఎవరైనా చెయ్యి చాపితే ఆ చెయ్యి కనిపించదు కాబట్టి, ముందే నవ్వేసి రెండు చేతులూ జోడించెయ్యాలి. "ఎంత మర్యాద!" అని మెచ్చుకున్నవాళ్ళూ ఉన్నారు. అన్నిటికన్నా ఆమెను తొలిచేసే విషయం ఇంకొకటి. కూతురు ఒళ్ళో కూర్చుని కబుర్లు చెబుతుంటే ఓ కన్నో, ఓ ముక్కో, ఊడిన పన్ను సందో కనిపిస్తుంది తప్ప ముఖం కనిపించదు. పాప ముఖం మొత్తం చూడాలంటే ఆమె వెనక్కి జరగాలి. పిల్లను దగ్గరికి తీసుకోవడమా, చూసుకోవడమా, రెంట్లో ఒకటే. దీన్ని ఎవరితో చెప్పుకోవాలి?

ఆఫీసులో ఆమెను అందరూ పాలిష్ మేడం అంటారు. రక్తపరీక్షలు చేసే ల్యాబులకు ప్రోగ్రాం తయారుచేసే కంపెనీ అది. ల్యాబులో కూర్చున్నవాళ్ళు ఆ ప్రోగ్రాంలోనే పరీక్షల అంకెలు ఎక్కించి, రిపోర్టులు తీస్తారు. భర్త అక్కడే అమ్మకాల విభాగానికి హెడ్. పెళ్ళికి ముందు ఇద్దరూ ఒకే వరసలో కూర్చునేవాళ్ళు. అతను మెట్లెక్కాడు, ఆమె పిల్లను కని వచ్చి అదే కుర్చీలో కూర్చుంది.

ఆ ప్రోగ్రాం బాగా పాతది. ఏ కాలంలోనో ఎవరో మహానుభావుడు బటన్లన్నీ తన సొంత బొమ్మలతో గీసిపెట్టాడు. నీలం రంగు పెట్టెలు, వాటికి మెరుపులు, తనకు నచ్చిన అక్షరాలు. కంప్యూటర్లలో కొత్త ఆపరేటింగ్ సిస్టం వచ్చాక అన్ని ప్రోగ్రాములూ ఒక తీరుగా మారిపోయాయి, ఇదొక్కటే పాత నాటకంలో వేషగాడిలా మిగిలింది. 'సరే', 'వద్దు' బటన్లు మిగతా అన్నిచోట్లా ఒక వరసలో ఉంటే దీంట్లో తిరగేసి ఉంటాయి. అలవాటైన చెయ్యి వెళ్ళి 'వద్దు' నొక్కేస్తుంది, ఎక్కించిందంతా గాల్లో కలిసిపోతుంది. ల్యాబుల నుంచి తిట్లు మొదలయ్యాయి. మేనేజరు ఆమెను పిలిచి, "కొత్త పనులు కుర్రాళ్ళు చూసుకుంటారు. నువ్వు దీని మొహం కాస్త బాగుచెయ్. సిస్టంలో మిగతావి ఎలా ఉన్నాయో ఇదీ అలా ఉండాలి. పైపై పనే. ఆడవాళ్ళకయితే ఓపికుంటుంది, సింగారం తెలుస్తుంది" అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. ఆమె కూడా నవ్వింది. పాలిష్ అన్న పేరు ఆ రోజు నుంచే.

పైపై పని కాదని మొదటి వారంలోనే తెలిసింది. అవి బటన్లు కావు, బటన్ల బొమ్మలు. మనిషి కంటికి బటన్‌లా కనిపిస్తుంది గానీ అక్కడ బటన్ ఉందన్న సంగతి సిస్టంకు తెలియదు. అందుకే సిస్టంలో అక్షరాలు పెద్దవి చేసుకుంటే ఇందులో పెద్దవి కావు. తెల్ల తెర కళ్ళలో సున్నం కొట్టినట్టుందని తెర నల్లగా, అక్షరాలు తెల్లగా మార్చుకుంటే ఇది మాత్రం తెల్లగానే మండుతూ ఉంటుంది. ఆమెకు ఆ మంట బాగా తెలుసు. తన కంప్యూటర్‌ను ఎప్పుడో నల్లగా మార్చుకుంది. ఎవరైనా అడిగితే, "స్టైలు" అనేది. చదివి వినిపించే ప్రోగ్రామును ఓ మధ్యాహ్నం అందరూ భోజనాలకు వెళ్ళినప్పుడు ఇయర్‌ఫోన్ పెట్టుకుని నడిపి చూసింది. దాన్ని వాడటం అదే మొదలు. మిగతావన్నీ చక్కగా చదివింది. తమ ప్రోగ్రాం తెరవగానే నోరు మూసేసింది. ఆ పెద్ద తెర మీద ఒక్క మాటంటే ఒక్క మాట దానికి దొరకలేదు. ఆమె ఇయర్‌ఫోన్ తీసేసింది. రేపు నా చూపు పోయాక నేను చేసిన ఈ పనిలో నాకే చోటుండదన్నమాట, అనుకుంది.

అప్పటి నుంచి ఆమె బొమ్మల్ని ఒక్కొక్కటిగా తీసేసి, ఆ చోట్లో సిస్టం సొంత బటన్లు పెట్టడం మొదలెట్టింది. రంగు, అక్షరం, కొలత ఏదీ తను నిర్ణయించకుండా, వాడేవాళ్ళు తమ కంప్యూటర్‌లో ఏం పెట్టుకుంటే అదే వచ్చేలా. నెలల తరబడి చేసింది. ఎంత బాగా చేస్తే అంత కనిపించని పని అది. ఇల్లు తుడిచినట్టే. తుడిస్తే ఎవరూ చూడరు, తుడవకపోతే ఊరంతా చూస్తుంది.

ఒకరోజు ఓ ల్యాబు నుంచి ఫోను వచ్చింది. పెద్దావిడ గొంతు. చుట్టూ ఎవరో ఉన్నట్టు లోగొంతుకతో మాట్లాడింది. "అమ్మా, మీ ప్రోగ్రాంలో అక్షరాలు పెద్దవి చేసుకోవడం ఎట్లాగో చెప్తారా? మిగతావన్నీ పెద్దవైనయ్, మీది కాలేదు. భూతద్దం పెట్టుకుని చూస్తున్నా."

"మీ ల్యాబు ఓనరు గారితో ఒక కంప్లయింటు రాయించండమ్మా, అప్పుడు మార్చడానికి నాకు వీలవుతుంది" అంది ఆమె.

"అయ్యయ్యో, ఆయనతో చెప్పొద్దు తల్లీ! కళ్ళు మందగించాయని తెలిస్తే ఇంటికి పొమ్మంటాడు. అద్దం సొరుగులో దాచుకుని చూస్తున్నా. మొన్నొక అంకె తప్పు పడింది. దేవుడి దయ వల్ల మళ్ళీ చూసుకున్నా కాబట్టి సరిపోయింది. లేకపోతే ఆ మనిషికి లేని జబ్బు అంటగట్టేదాన్ని."

ఫోను పెట్టేశాక ఆమె మళ్ళీ పనిలో పడలేకపోయింది. సొరుగులో భూతద్దం దాచుకున్న ఆ ముఖం తెలియని మనిషి, తన ఒంట్లోనే ఎక్కడో కూర్చుని మాట్లాడినట్టనిపించింది.

మీటింగు మర్నాడు. కొత్త వెర్షన్ ఎలా ఉండాలో తేల్చుకునేందుకు మేనేజరు, అమ్మకాలవాళ్ళు, కుర్రాళ్ళు అందరూ కూర్చున్నారు. ఆమె చూపించింది. తెల్లగా పెట్టుకుంటే తెల్లగా, నల్లగా పెట్టుకుంటే నల్లగా, అక్షరాలు పెంచితే పెరుగుతూ, ప్రోగ్రాం చెప్పినట్టు వింది. ఇంకా కొన్ని తెరలు మిగిలిపోయాయి, కొంచెం టైమిస్తే పూర్తిచేస్తానంది. భర్త కుర్చీలో వెనక్కి వాలి విన్నాడు. తర్వాత అందరి ముందూ నవ్వుతూ అన్నాడు.

"బాగుంది. కానీ మన కంపెనీ నీలం రంగేదీ? కస్టమర్లకి చూపించేటప్పుడు మెరుపు లేకపోతే ఎవడు కొంటాడు? బటన్ల వరస మార్చావు, అది చాలు. మిగతాదంతా పాతదే ఉంచుదాం. నల్ల తెరలు, ఇంతింత అక్షరాలు ఎవరికి కావాలి? అలాంటివాళ్ళు మన ప్రోగ్రాం వాడరు."

అలాంటివాళ్ళు. ఆమెకు అతను మాత్రమే కనిపిస్తున్నాడు. గది లేదు, బల్ల లేదు, పక్కవాళ్ళు లేరు. ఆ గొట్టం చివర, గుండ్రటి వెలుగులో, తను ప్రేమించి పెళ్ళాడిన మనిషి నవ్వుముఖం ఒక్కటే ఉంది. ఆ ముఖంలో తడబాటు కోసం వెతికింది. లేదు. ఉంటే ఎంత బాగుండేది!

"నిన్న ఒకావిడ ఫోన్ చేసింది..." అంది.

"ఒక్కావిడ కోసం ప్రోగ్రామంతా తిరగరాస్తామా?" అన్నాడు మేనేజరు. మీటింగు అయిపోయింది.

వరండాలో భర్తను ఆపింది. "ఆ మాట ఎట్లా అనగలిగావ్?"

"నీ గురించి కాదులే."

"మరెవరి గురించి?"

అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "ఇక్కడ సీన్ చెయ్యకు. ఇది వ్యాపారం. అయినా అంత పట్టుబడితే అనుమానం రాదూ జనానికి? నీ మంచికే చెబుతున్నా." గడియారం చూసుకుని, "పాపని స్కూలు నుంచి తీసుకురావాలి కదా, బయల్దేరు. నాకు కస్టమర్ మీటింగుంది" అన్నాడు.

బండి నడపొద్దని డాక్టరమ్మ చెప్పిన మాట ఆమె చాలాసార్లే గుర్తుచేసింది. "ఆ సందులే కదా, స్కూటీ మీద మెల్లగా పో. నేను తెస్తే అమ్మ ఎందుకని అడగదూ?" అన్నదే అతని జవాబు. ఇన్నాళ్ళూ మెల్లగానే పోయింది. తల అటూ ఇటూ తిప్పుతూ, ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని, వెనక పాప పాడుతుంటే "కాస్త ఊరుకోవే" అని కసురుతూ. చెవులే కళ్ళుగా పోతున్నప్పుడు పాట కూడా అడ్డమే.

ఆ రోజు చెవులు పని చెయ్యలేదు. వాటి నిండా ఒకే మాట మోగుతోంది. పాపను ఎక్కించుకుని మలుపు తిరిగింది. ఎడమ పక్క ఎవరూ లేరు. లేరనే అనుకుంది. మరుక్షణం హ్యాండిలు దేనికో తగిలి గిర్రున తిరిగింది. పాప కెవ్వుమంది. బండి ఒరిగింది గానీ పడలేదు. చేతిసంచితో నడుస్తున్న ముసలాయన గోడకు చేరగిలబడిపోయాడు. సంచిలోని కూరగాయలు రోడ్డంతా దొర్లాయి. ఆయనకు మోచెయ్యి గీసుకుపోయింది, ఇంకేం కాలేదు. ఇంకో జానెడు ఇటుంటే ఏమయ్యేదో ఊహించడానికి ఆమెకు ధైర్యం చాలలేదు.

ముసలాయన ఆయాసపడుతూ లేచి అరిచాడు. "నీకేమైనా కళ్ళు కనపడవా?"

"కనపడవండీ" అంది.

అనాలనుకుని అనలేదు. ఎవరో తలుపు కొడితే లోపలున్న మనిషి పలికినట్టు, దానంతటదే వచ్చేసింది. ముసలాయన తిట్టబోయి ఆగిపోయాడు. ఆమె మోకాళ్ళ మీద కూర్చుని కూరగాయలు ఏరబోయింది. చెయ్యి ఒకచోట పడితే అవి ఇంకోచోట ఉన్నాయి. పాప దిగి వచ్చి ఒక్కోటీ ఏరి సంచిలో వేసింది. ముసలాయన సంచి అందుకుని, "మరెందుకమ్మా బండెక్కావు?" అని మాత్రం అన్నాడు. తిట్టినా బాగుండేది.

ఇంటి దాకా బండి తోసుకుంటూ నడిచారు. కొంతదూరం పోయాక పాప అడిగింది. "అమ్మా, నిజంగానే కనపడదా?"

"ఎదురుగా ఉన్నది కనపడుతుంది. పక్కన ఉన్నది కనపడదు."

పాప ఆలోచించింది. పక్కన నడుస్తున్నదల్లా పరుగెత్తి నాలుగడుగులు ముందుకు పోయి, వెనక్కి తిరిగి, "ఇప్పుడూ?" అంది. పాప నిలువెల్లా కనిపించింది. జడలు, బ్యాగు, మోకాలి మీద మట్టి, భయం. ఆమెకు అక్కడే రోడ్డు మీద ఏడుపు ఆగలేదు.

సాయంత్రం భర్త వచ్చేసరికి బండి తాళాలు బల్ల మీద ఉన్నాయి. అత్తగారు కుర్చీలో బిగుసుకుని కూర్చుని ఉంది. అంతా కోడలే చెప్పింది. ఆవిడ ముందు పాపను దగ్గరికి లాక్కుని దాని కళ్ళలోకి చూసింది. తర్వాత కొడుకును చూసి, "నీకు ముందే తెలుసా?" అంది. అతను బల్ల మీది తాళాల వైపు చూశాడు. ఆవిడ నిట్టూర్చి, పైటకొంగుతో కళ్ళొత్తుకుని, నిజమైన బాధతోనే అడిగింది. "మరి రేపట్నుంచి వంటెవరు చేస్తారు?"

ఆమెకు నవ్వొచ్చింది. నవ్వితే ఇక ఆపుకోలేనని తెలిసి పెదవి కొరుక్కుంది.

"రేపట్నుంచి పాపని నువ్వు తీసుకురా" అంది భర్తతో.

"నాకు కుదరదని తెలుసు కదా?"

"కుదరకపోతే పాప స్కూల్లోనే కూర్చుంటుంది. ఇంకొకరిని చంపేకన్నా అదే నయం. ఆఫీసులో కూడా రేపు చెప్పేస్తున్నా."

"నీకేమన్నా పిచ్చా? నా పరువేం కావాలి? ఇన్నాళ్ళూ నీ కోసమే కదా దాచింది!"

ఆమె తాళాలు అతని వైపు జరిపింది. ఎవరి కోసం దాచారో ఇద్దరికీ తెలిసినప్పుడు మళ్ళీ చెప్పుకోవడమెందుకు?

మర్నాడు మేనేజరు అంతా విని, కుర్చీలోంచి లేచి, ఆమె కోసం తలుపు తెరిచి పట్టుకున్నంత పనిచేశాడు. "అయ్యో, ముందే చెప్పాల్సిందమ్మా. ఇంత భారం మోయించేవాళ్ళం కాదు" అన్నాడు. అమ్మా అని అతను అంతకుముందెన్నడూ పిలవలేదు. ఆమె చేస్తున్న పని ఆ పూటే ఓ కుర్రాడికి అప్పజెప్పాడు. "పాత నీలం రంగే ఉంచి తొందరగా ముగించెయ్" అని వాడికి చెప్పాడు. ఆమెను టెస్టింగుకు మార్చాడు. "ఊరికే కూర్చుని నొక్కి చూడటమే. అన్నీ పనిచేస్తున్నాయని నువ్వు సరే అంటే బయటికి పంపించేస్తాం. కళ్ళకి శ్రమ ఉండదు."

నెలల కష్టం ఒక్క పూటలో చేతులు మారిపోయింది. ఎటూ చూడకుండా బాత్రూంలోకి వెళ్ళి తలుపేసుకుంది. భర్త చెప్పిందే నిజమైంది కదా, మూలన పడేశారు కదా, అని గోడకు తల ఆనించి కుళ్ళి కుళ్ళి ఏడ్చింది. ఇక్కడ నిన్నటి దాకా పని ఉండేది, కూతురి ముఖమంత చిన్న వెలుగు ఉండేది. ఇప్పుడు పని పోయింది, వెలుగు పోవడానికి సిద్ధంగా ఉంది. ఇంటికి వెళ్ళిపోదామనుకుంది. ఇల్లు గుర్తొచ్చి ఆగింది. ఎక్కడికీ వెళ్ళడానికి లేని మనిషి ముఖం కడుక్కుంటుంది. ఆమె కూడా కడుక్కుంది. అద్దంలో సగం ముఖమే కనిపించింది. ఆ సగం ముఖాన్ని చూస్తుండగా మేనేజరు అన్న మాటలు మళ్ళీ వినపడ్డాయి. నువ్వు సరే అంటే.

తను సరే అనకపోతే?

కుర్చీలో వచ్చి కూర్చుంది. చాలాచోట్ల పాత బొమ్మలే తిరిగి పెట్టి కుర్రాడు ముగించిన కొత్త వెర్షన్ మధ్యాహ్నానికి వచ్చింది. ఆమె చదివి వినిపించే ప్రోగ్రామును నడిపింది. ఇయర్‌ఫోన్ పీకేసి సొరుగులో పడేసింది. చెయ్యి చాపి మానిటర్ ఆపేసింది. చీకటి తెర ముందు నిటారుగా కూర్చుని కీబోర్డు మీటలు నొక్కసాగింది.

"సేవ్. బటన్" అంది కంప్యూటర్ గట్టిగా. అది తను మార్చిన బటన్లలో మిగిలినది. కుర్రాళ్ళు తలలు తిప్పారు. ఇంకో మీట నొక్కింది. "పేరు. రాయాల్సిన చోటు." ఇంకోటి. ఏమీ వినిపించలేదు. ఇంకోటి. లేదు. ఇంకోటి. లేదు. అక్కడ నీలం రంగు మెరుపుల బొమ్మ ఉంటుందని ఆమెకు తెలుసు. పరీక్షల అంకెలు ఎక్కించే తెరంతా ఆ మౌనమే. 'పనిచేయడం లేదు' అని నమోదు చేసి ముందుకు పోయింది.

వెర్షన్ ఎప్పుడు పంపిస్తారని కనుక్కోవడానికి భర్త వచ్చాడు. అడుగుల చప్పుడు తెలిసింది. వెనకే నిలబడ్డాడు. అమ్మకానికి తేదీ ఇచ్చేశానని, ఇవాళ సరే అనాలని గొణిగాడు. ఆమె చేతులు ఆగలేదు. గది మొత్తం నిశ్శబ్దమైపోయింది. ఆ నిశ్శబ్దంలో కంప్యూటర్ ఒక్కో బటన్ పేరూ పలుకుతోంది, పలకలేని చోట ఆగుతోంది.

"మానిటర్ ఆన్ చెయ్" అన్నాడు పళ్ళ బిగువున. "అందరూ చూస్తున్నారు."

"చూడనీ" అంది ఆమె, తర్వాతి మీట నొక్కుతూ.